కోడలు ఇంగ్లీషు మాటలు అప్పజెప్పిన రోజులు

బందరు మొత్తం మీద నా అంత ఇంగ్లీషు వచ్చినవాడు లేడు. మొత్తం మీద అంటే, మా వీధిలో. వీధిలో ఒక రిటైర్డ్ లెక్చరరుగారున్నారు కాబట్టి, మా ఇంట్లో అని సరిపెట్టుకోవాలి. ఉద్యోగమంతా ఇంగ్లీషు ఉత్తరాలతోనే గడిచింది నాకు. రాసింది పై అధికారి, టైపు కొట్టింది నేను.

ఆ పేరు చూసే మా కోడలు నన్ను పట్టుకుంది. అవనిగడ్డ దగ్గర పల్లెటూరి పిల్ల. బ్యాంకు పరీక్ష రాస్తోంది. లెక్కల్లో దిట్ట, కిందటిసారి ఇంగ్లీషులో కష్టమైన మాటల దగ్గరే పోయింది. వయసు దాటిపోతోంది కాబట్టి ఇదే ఆఖరి అవకాశం.

కోచింగువాళ్లు రోజూ పొద్దున్నే ఫోనుకు కొన్ని మాటలూ అర్థాలూ పంపేవారు. వాటిని నాకూ పంపి, సాయంత్రం వంట చేసుకుంటూ అప్పజెప్పేది. నేను ఫోను లోపల చార్జింగులో పెట్టేసి, ఖాళీ చేతులతో వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకునేవాణ్ణి.

“గ్యారులస్ అంటే?”

“ఏదో దెబ్బలాడే మనిషి... కాదాండీ?”

“కాదు. వాగుడుకాయ.”

“ఆ మాటకి అర్థం ఈయనకి తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది,” అంది మా ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తూ.

“చూడకుండానే ఎలా చెప్తారండీ మావయ్యగారూ?” అనేది కోడలు.

“ఇవా? చిన్నప్పుడు నేర్చుకున్నవేనమ్మా.”

రిటైరయ్యాక ఈ ఇంట్లో నన్ను ఎవరైనా ఏదైనా అడిగారంటే, మోటారు కట్టేశారా అనే. అందుకని ఆ ‘ఎలా’ నాకు మహా రుచిగా ఉండేది.

ఒక సాయంత్రం కోడలు బియ్యం కడుగుతూ, “ఇవాళ వద్దులెండి,” అంది.

“తలనొప్పా?”

“కాదండీ. నేను పరీక్ష రాయను. హాల్ టికెట్ వచ్చినా తీసుకోలేదు. మీరు ఈ వయసులో చూడకుండా అన్నీ చెప్పేస్తున్నారు. నేను పొద్దున్నుంచి చదివినా సాయంత్రానికి సగం ఉండట్లేదు. నా బుర్ర ఇంతేనండీ.”

నేను వరండాలోకి వెళ్లి కూర్చున్నాను. సరదా అనుకున్నది ఆ పిల్ల నెత్తిన బరువై కూర్చుందని అప్పటిదాకా తోచలేదు. తోచనట్టు ఉన్నానేమో కూడా. ఇప్పుడు నిజం చెప్తే మళ్లీ మోటారు దగ్గరికే. కాసేపు ఆలోచించాను. కాసేపు అంటే, అన్నం ఉడికి కుక్కరు కూత వేసేదాకా.

లోపలికి వచ్చి, “పోయిన వారం మాటలు తీసి నన్ను అడగమ్మా,” అన్నాను.

“ఎందుకండీ?”

“అడుగు, చెప్తాను.”

ఫోను తీసింది. “ఫ్రూగల్.”

తెలిసినట్టే ఉంది, నోటికి రాలేదు.

“సబ్‌సైడ్.”

అదీ అంతే. మూడోదానికి నోరు తెరిచి మూసుకున్నాను.

“ఏ రోజువి ఆ రోజే. మధ్యాహ్నం నిద్ర మానుకుని బట్టీ పడుతున్నాను. పడుకునేసరికి ఒక్కటీ మిగలదు,” అన్నాను.

“అదా సంగతి,” అంది మా ఆవిడ. “వరండాలో గొణుగుతుంటే, ఈ వయసుకైనా దేవుడు గుర్తొచ్చాడనుకున్నాను.”

కోడలు నవ్వలేదు. “ఇన్నాళ్లూ నేనే మొద్దుననుకున్నానండీ,” అంది. గొంతు పెంచకుండానే అంది. పెంచి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

కాసేపటికి తనే మళ్లీ, “ఫ్రూగల్ అంటే మన గుడివాడ పిన్నిగారండీ, టీ పొడి రెండోసారి మరిగిస్తారే,” అంది. “సబ్‌సైడ్ అంటే మా ఊళ్లో కరకట్ట దగ్గర వరద తగ్గిపోవడం.” మూడోదీ చెప్పింది. ఫోనులో అర్థం చూడనేలేదు. ఆ సంగతి నాకంటే ఒక్క క్షణం ఆలస్యంగా తనకి తెలిసింది. వేలు గబగబా జరిపి ఇంకా వెనక్కి వెళ్లింది. చాలావరకు ఉన్నాయి. సాయంత్రానికి పోయాయనుకున్నవి ఎక్కడికీ పోలేదు, పిన్నిగారి దగ్గరా కరకట్ట దగ్గరా ఉండిపోయాయి. తెలుగు మాటలు మనకి వచ్చింది కూడా అలాగే కదా, మనుషుల వెంటా వస్తువుల వెంటా. నేనేమో మధ్యాహ్నమంతా అర్థాలకి కాపలా కాశాను.

ఆ మర్నాడు హాల్ టికెట్ తీసుకుంది. అప్పట్నుంచి అడగడం తన వంతు, తప్పులు చెప్పడం నా వంతు. నన్ను దిద్దిన మాట తను మళ్లీ తప్పలేదు.

పరీక్ష గుడివాడలో పడింది. రాసొచ్చాక, “ఇంగ్లీషు ఎలా ఉందమ్మా?” అనడిగాను.

“రాశానండీ,” అంది. అంతే అంది.

నేను మాత్రం వీధిలో అందరికీ ఉద్యోగం వచ్చేసినట్టే చెప్పుకొచ్చాను. ఫలితాలు ఇంకా రాలేదు.