క్వారీలోంచి తిరిగి కొట్టిందెవరు?

దయ్యాలున్నాయంటే నవ్వేవాణ్ణి నేను. జగ్గయ్యపేట సున్నపురాయి క్వారీల్లో పేలుడు మందుతో బతుకంతా గడిపినవాడికి దయ్యమొక లెక్కా? ఆఫ్రికాలో సింహం ఎదురొస్తే, కన్ను ఆర్పకుండా నిలబడి దాన్నే వెనక్కి తిప్పినవాణ్ణి. పేటలో ఏ టీ కొట్టు దగ్గర అడిగినా ఈ సంగతి చెబుతారు. వాళ్లకి చెప్పింది నేనే.

రిటైరయ్యాక టాంజానియాలో ఒక సిమెంటు ఫ్యాక్టరీ వాళ్లు నన్ను క్వారీ పేల్చే పనికి పిలిచారు. మా వైపు నుంచే, నందిగామ కోటేశ్వరరావు ఫిట్టరుగా వచ్చాడు. నా కింద పనిచేసినవాడు జుమా. అక్కడి మనిషి, పిల్లల తండ్రి, నెమ్మదస్తుడు.

మా పేట క్వారీల్లో ఒక పాత పద్ధతి ఉంది. సైరన్ మోగాక కూడా, మందు పేల్చే ముందు గునపంతో బండ మీద మూడు దెబ్బలు కొడతాం. లోపల ఎవరన్నా ఉండిపోతే తిరిగి ఒక్క దెబ్బ కొడతాడు. అరుపులు మిషన్ల హోరులో కలిసిపోతాయి గానీ, రాతి మీద ఇనుము మోత కలవదు. ఆ దెబ్బ వినబడితే ఇక పేల్చం. టాంజానియాలో ఈ సంగతి తెలిసినవాళ్లం ముగ్గురమే. నేను, కోటేశ్వరరావు, నేను నేర్పిన జుమా.

ఒక మధ్యాహ్నం మందు నింపడం అయిపోయింది. మనుషులంతా బయటికొచ్చేశారు. జుమా వైరు చుట్ట పట్టుకుని నా పక్కనే నిలబడ్డాడు. క్వారీ మొదట్లో ఉన్న బండ మీద నేను మూడు దెబ్బలు కొట్టాను.

లోపలి నుంచి తిరిగి ఒక దెబ్బ వినిపించింది.

ప్రతిధ్వని అంటారేమో. ప్రతిధ్వనైతే మూడు రావాలి కదా! మళ్లీ కొట్టాను. కాసేపాగి, మళ్లీ ఒక్కటే.

నాకు ఒళ్లు మండింది. సైరన్ విని కూడా లోపల కూర్చున్న వెధవ ఎవడురా అని తెలుగులోనే తిట్టుకుంటూ లోపలికి నడిచాను. వైరు కింద పడేసి జుమా నా వెనకే వచ్చాడు.

మలుపు తిరగ్గానే గోడ కింద నీడలో పడుకుని ఉందది. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. అది సింహం కాదు, చిరుతపులి. నేను కన్ను ఆర్పని మాట నిజమే, ఆర్పాలన్నా భయమేసింది. అది లేచి పెదవి పైకెత్తింది. వెనక నుంచి జుమా నా చొక్కా గుప్పిట్లో బిగించి పట్టుకున్నాడు.

అప్పుడు ఇంకో దెబ్బ. ఈసారి క్వారీ అటు చివర, నిలువు గోడ తప్ప ఏమీ లేని చోటు నుంచి. చిరుత తల అటు తిప్పింది. చెవులు రిక్కించింది. ఒక్క ఉదుటున రాతి గోడలో తొలిచిన పై మెట్టు మీదికి దూకి వెళ్లిపోయింది.

తర్వాత జనంతో వెళ్లి మూలమూలా వెతికాం. మనిషి లేడు. గునపమూ లేదు, నా చేతిలో ఉన్నది తప్ప.

ఆ రోజు పేల్చడం ఆగిపోయింది. మేనేజరు మన తెలుగువాడే. నన్నూ జుమానీ ఆఫీసుకి పిలిపించాడు.

"లోపలున్నది జుమానే. తిరిగి కొట్టడం తెలిసింది మీ ముగ్గురికే. ఆ వేళకి కోటేశ్వరరావు ఇక్కడ నా ఎదురుగా ఉన్నాడు" అన్నాడు.

"జుమా నా చొక్కా పట్టుకుని ఉన్నాడండీ!"

"చిరుతని సింహం చేసినోడివి, లోపలున్నోణ్ణి నీ పక్కకి తేలేవా?"

క్వారీ నుంచి ఆఫీసుకి నడిచేలోపే నా నోట్లో చిరుత సింహమైపోయింది. అప్పటికే అటవీ శాఖ మనిషి వచ్చి, అడుగులు చూసి చిరుతేనని తేల్చాడు. దాంతో నా మాటకి విలువ పోయింది.

పేల్చే వేళకి లోపలుంటే ఉద్యోగం ఊడుతుంది. జుమాది ఊడింది. దయ్యాన్ని పనిలోంచి తీసెయ్యలేరు కదా, మనిషిని తీసేశారు! తలుచుకుంటే ఇప్పటికీ పళ్లు కొరుక్కుంటాను. ఆ రోజు మేనేజరు బల్ల గుద్ది, "అతన్ని తీసేస్తే నన్నూ తీసెయ్" అని అరిచాను. వినలేదు.

ఆ దెబ్బ ఎవరిదో నాకిప్పటికీ అంతుపట్టదు. మొదటిది వినకపోతే నేను లోపలికే వెళ్లేవాణ్ణి కాదు. చివరిది లేకపోతే బయటికి వచ్చేవాణ్ణి కాదు. దండం పెట్టాలో, తిట్టాలో తెలియదు. తిట్టాలనే ఉంటుంది. అంత శక్తి ఉన్నదానివి, ఆఫీసుకి కూడా వచ్చి ఒక్క దెబ్బ కొట్టకూడదా? ఆ మనిషి బతుకు నిలిచేది.

ఇది పత్రికకి పంపే ముందు నందిగామ వెళ్లి కోటేశ్వరరావుకి చదివి వినిపించాను. చివరిదాకా విని, కళ్లజోడు తీశాడు.

"క్వారీలో ఏం జరిగిందో నాకు తెలవదన్నా, నేను లేను. ఆఫీసులో మాత్రం ఉన్నా. మేనేజరు ఆ సింహం మాట అన్నాక నువ్వు నోరెత్తలా. తల దించుకుని నిలబడ్డావ్. బల్ల గుద్దింది జుమా. గుద్ది, నీ మొహంలోకి చూశాడు."