కెప్టెన్ గారి కనుబొమ్మలు, నా లైసెన్సు

1990 ఆగస్టు 2, గురువారం, ఉదయం ఐదు గంటల నలభై నిమిషాలు. నా గడియారం రెండు నిమిషాలు ముందు నడిచేది కనుక ఐదు ముప్పై ఎనిమిది అని రాసుకోండి. నా జీవితంలోకెల్లా పెద్ద తెలివితక్కువ పని సరిగ్గా అప్పుడు మొదలైంది. అదే పొద్దున ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. నేను చెప్పబోయే కొంపమునకలో సైనికులు ఉన్నారు, తుపాకులు ఉన్నాయి. కానీ ఈ ఒక్క సంగతిలో తప్పు మాత్రం పూర్తిగా నాదే.

అప్పటికి నాకు ముప్పై ఒకటి. మాది రాజోలు. కువైట్‌లోని సాల్మియాలో ఒక ఆడవాళ్ళ సెలూన్‌లో ఆరేళ్ళ నుంచి తలలు కడుగుతున్నాను. కత్తెర పట్టాలన్నా, పెళ్ళికూతురి ముఖానికి రంగు వెయ్యాలన్నా రుఖ్సా, అంటే లైసెన్సు ఉండాలి. దానికి పరీక్ష. సామాను మనమే తెచ్చుకోవాలి, పని చేసి చూపించడానికి ఒక మనిషిని కూడా మనమే వెంటబెట్టుకు వెళ్ళాలి.

ఆ మనిషిగా నాతో గదిలో ఉండే గౌసియాని మాట్లాడుకున్నాను. రాయచోటి పిల్ల, నాకంటే ఏడేళ్ళు చిన్న, అదే సెలూన్‌లో పని. అంతకుముందు ఒక అరబ్బు ఇంట్లో పిల్లల్ని ఆడిస్తూ, వాళ్ళ పుస్తకాలు చూసి అరబ్బీ చదవడం, రాయడం నేర్చేసింది. నాకు వచ్చిన అరబ్బీ మాటలు లెక్కపెడితే నలభై మూడు.

సెలూన్‌లో పెద్ద కుర్చీ ఒకటే ఖాళీగా ఉంది. లైసెన్సు ముందు ఎవరికొస్తే కుర్చీ వాళ్ళదని మా మామా, అంటే సెలూన్ యజమానురాలు, ఇద్దరికీ చెప్పింది. గౌసియా పరీక్ష నా తరవాతి నెలలో. ఆ మాట విన్న రోజు నుంచి గౌసియా టీ ఇచ్చినా నేను ముందు వాసన చూసి తాగేదాన్ని.

నా పరీక్ష రోజు, ఆ పొద్దున, గౌసియా రేడియో చెవికి ఆనించుకుని నన్ను కుదిపి లేపింది.

"అక్కా, లెయ్యి! యుద్ధమొచ్చిండాది!"

"ఎవరు చెప్పారు?"

"రేడియోలో చెప్తాండారు."

"రేడియో అరబ్బీలో కదా మాట్లాడుతుంది. అది నీకొక్కదానికే కదా అర్థమయ్యేది."

"ఆ మోతలన్నా ఇనపడ్తాండాయా లేదా నీకి?"

"ఎవరింట్లోనో పెళ్ళి. తెల్లారేదాకా కాలుస్తూనే ఉంటారు."

"పెండ్లికి ఇమానాలు తిరుగుతాయా అక్కా?"

"డబ్బున్నోళ్ళు. తిప్పుకుంటారు."

"నేనైతే రాను. నువ్వూ పోవద్దు. యాడన్నా తూటా తగిలితే ఎట్ల?"

దొరికిపోయింది అనుకున్నాను. మనిషి రాకపోతే నా పరీక్ష పోతుంది, కుర్చీ తనకి వెళుతుంది. ఒక్క కుర్చీ కోసం ఎంత ఏర్పాటు! రేడియో, మోతలు, విమానాలు!

"ఈ యుద్ధం వచ్చే నెల నీ పరీక్షకి కూడా ఉంటుందా, లేకపోతే నాకొక్కదానికేనా?" అని అడిగాను.

"నీకు మతి చెడిండాది పోక్కా," అని అది ఏడుపు మొదలుపెట్టింది. ఏడుపు కూడా బాగానే నేర్చుకుందే అనుకున్నాను.

ఆరు యాభైకి సంచి పట్టుకుని గది దాటాను. రోడ్డు మీద ఒక్క కారు లేదు. అప్పుడైనా నాకు అనుమానం రావాలి కదా అంటారు. రాకేం, వచ్చింది. మిగతావాళ్ళు నాకంటే ముందే వెళ్ళి వరసలో నిలబడి ఉంటారని వచ్చింది. పరుగెత్తాను.

పరీక్ష పెట్టే ఆఫీసు గేటు దగ్గర ఏడుగురు, ఏడు తుపాకులు. మా రాజోలులో పదో తరగతి పరీక్షలకి, స్లిప్పులు అందించేవాళ్ళు గోడ ఎక్కకుండా ఇద్దరు పోలీసుల్ని పెడతారు. ఇది సొమ్మున్న దేశం, మిలిటరీని పెట్టారు అనుకున్నాను. గేటు పక్కన పొడుగు గొట్టంతో ఒక బండి కూడా ఉంది. మీరు నవ్వండి, పర్వాలేదు. నేను దాన్ని రోడ్డు వేసే యంత్రం అనుకుని, దాని నీడలో నిలబడి జడ సర్దుకున్నాను.

ఒకడు అరిచాడు. లోపలి నుంచి వాళ్ళ కెప్టెన్ వచ్చాడు. అతని కనుబొమ్మలు చూస్తే, రెండు గొంగళిపురుగులు ఎదురెదురుగా వచ్చి ముక్కు మీద గుద్దుకున్నట్టు ఉన్నాయి. నా చేతి వేళ్ళు వాటంతటవే కదిలాయి.

"వాట్ ఇన్ బ్యాగ్?" అన్నాడు.

"ఇమ్తిహాన్," అన్నాను, పరీక్ష అని. "రుఖ్సా!"

సంచి నేల మీద కుమ్మరించారు. హెయిర్ డ్రయ్యర్‌ని ఒకడు తోక పట్టి ఎలుకని ఎత్తినట్టు ఎత్తాడు. జుట్టు రంగు మార్చే మందు సీసా ఇంకొకడు వాసన చూసి మూడుసార్లు తుమ్మాడు. నాలుగు దారం రీళ్ళు చూసేసరికి కెప్టెన్ మొహం మారింది.

"బాంబ్?"

"నో బాంబ్ సార్. ఫేస్."

"వై సో మచ్ థ్రెడ్?"

ఏడు తుపాకులూ నా వైపు తిరిగాయి. వీళ్ళకి నా మీద అనుమానం. నాకు మాత్రం, జీవితంలో మొదటిసారి, ఏ అనుమానమూ లేదు. నోటి పరీక్ష మొదలైందనుకుని నిటారుగా నిలబడ్డాను. దారం ఎందుకో చేసి చూపించమంటున్నాడు కాబోలు. మనిషేమో రాలేదు.

"మోడల్ నో కమ్ సార్. యూ సిట్," అని కాపలావాడి కుర్చీ చూపించాను.

అతనెందుకు కూర్చున్నాడో ఇప్పటికీ నాకు తెలియదు. రాత్రంతా నిద్ర లేనివాడు, కుర్చీ కనపడితే కూర్చున్నాడేమో. దారం ఒక కొస పళ్ళతో పట్టి, వేళ్ళతో మెలేసి, ఒక్క లాగు లాగాను. కెప్టెన్ కేక పెట్టాడు. ఒక తుపాకీ గొట్టం చల్లగా నా మెడకి తగిలింది.

"పెయిన్ నార్మల్ సార్. కదలకండి, నా మార్కులు పోతాయి," అన్నాను, సగం తెలుగులో.

ఒక వైపు అయ్యాక అద్దం ఇచ్చాను. అతను చాలాసేపు చూసుకున్నాడు. మెడ మీద గొట్టాన్ని పక్కకి తియ్యమని సైగ చేసి, రెండో కనుబొమ్మ మీద వేలు పెట్టాడు.

"దిస్ ఆల్సో."

మొత్తం పదకొండు నిమిషాలు పట్టింది.

"హౌ మెనీ మార్క్స్ సార్?"

"వాట్ మార్క్స్?"

నోటిమాట నేను నమ్మను. పరీక్ష చీటీ తిరగేసి ముందుపెట్టి, సంతకం పెట్టమని గాలిలో రాసి చూపించాను. అతను నిట్టూర్చి ఐదు లైన్లు రాసి సంతకం పెట్టాడు. "యల్లా, హోమ్. ఖలాస్!" అన్నాడు, ఇక పో, అయిపోయిందని.

గదికి వచ్చేసరికి గౌసియా నన్ను కావలించుకుని, "బతికినావా అక్కా!" అని బావురుమంది. మధ్యాహ్నానికల్లా మా మేడ మీద నీళ్ళ ట్యాంకుకి తూటా చిల్లు పడింది. యుద్ధం నిజమేనని ఒప్పుకున్నాను. అయితే మాత్రం లైసెన్సు అబద్ధమెందుకు అవుతుంది? ఆ పూట ఆ ఆఫీసు ఎవరి చేతిలో ఉందో వాళ్ళ సంతకమే కదా చెల్లేది!

"ఆ కాగితం చూపీక్కా, చదివి చెప్తా," అంది గౌసియా.

"నువ్వు చదివితే అందులో నీ పేరు వచ్చేస్తుంది," అని రవికెలో దాచాను.

సెప్టెంబరులో ఇద్దరం ఒకే బస్సులో బయలుదేరాం. బసరా, బాగ్దాద్, అమ్మాన్, అక్కణ్ణుంచి బొంబాయి విమానం. దారిలో సైనికులు నిలిపిన ప్రతి చోటా సామాను దించమన్నారు. మొదటిచోట డ్రయ్యర్ తీసుకున్నారు. రెండోచోట కత్తెరలు, దువ్వెనలు. మూడోచోట మిగిలిన దారం, గౌసియా చేతి గడియారం. అది దాని మొదటి జీతంతో కొనుక్కున్న గడియారం.

"ఆ కాగితమన్నా చూపీక్కా! మిలట్రీ సంతకముండాది గదా, పనికొస్తాదేమో," అని బతిమాలింది.

"చూపిస్తే లాక్కుంటారు. మళ్ళీ ఎవడిస్తాడు లైసెన్సు?"

మరుసటేడు జూన్‌లో రాజోలులో పార్లర్ పెట్టాను. ఆ కాగితాన్ని అద్దం కట్టించి గోడకి తగిలించి, కింద 'కువైట్ లైసెన్సు' అని రాయించాను. పెళ్ళికూతుళ్ళు దానికి దణ్ణం పెట్టి మరీ కూర్చునేవారు. పద్నాలుగు నెలలు అలా గడిచాక గౌసియా నన్ను చూడటానికి వచ్చింది. గోడ ముందు ఆగింది. చదివింది. నవ్వీ నవ్వీ నేల మీద కూలబడింది.

"ఏం రాసుందే?"

"'ఈ యమ్మకు మతి సరిగా లేదు. సంచిలో ఆయుధాలు లేవు, జుట్టు కత్తిరించే సామాను. యాడ నిలిపినా ఈమె సామాను గానీ, ఈమెతో వచ్చేవాళ్ళ సామాను గానీ ముట్టుకోవద్దు. భద్రంగా పంపించండి.'"

నాకు గౌసియా ఖాళీ మణికట్టు కనపడింది.

"అంతేనా? మార్కులు?"

"కింద ఇంగో లైను ఉండాదిలే. 'చెయ్యి మాత్రం మంచిది.'"

కనుక, ఈ పార్లర్ కుర్చీ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: నాకు చదవడం రాని కాగితాన్ని, చదవడం వచ్చిన మనిషి నుంచి ఇంకెప్పుడూ దాచను.

పోయినవి: హెయిర్ డ్రయ్యర్ ఒకటి. కత్తెరలు నాలుగు. దువ్వెనలు పద్నాలుగు. దారం రీళ్ళు మూడు, నాలుగోది కెప్టెన్ గారి కనుబొమ్మలకి ఖర్చు. పరీక్ష ఒకటి. గౌసియా చేతి గడియారం ఒకటి.