అల్లుడి గిటారు మీద తీర్పు

శనివారం సాయంత్రం నాలుగింటికి బుకిట్ పంజాంగ్ ఫ్లాటులోంచి బయల్దేరాం, నేనూ మా అల్లుడు సుధాకరూ, ఆయన వీపు మీద గిటారూ. ఆఫీసు పని తెమలక మా అమ్మాయి లలిత నన్ను పంపింది. "ఆయన కచేరీ నువ్వు విని రా అమ్మా. బాగుందంటే గిటారు ఉంచుతాం, లేదంటే సోమవారమే అమ్మేస్తాం" అంది. అల్లుడూ సరేనన్నాడు. బాగుందని చెప్పే ఉద్దేశం నాకైతే లేదు. జురాంగ్ ఐలాండ్‌లో ఇంజనీరు ఉద్యోగం, నలభై రెండేళ్ళ వయసు, ఇప్పుడీ రాకబిల్లీ అనే పాతకాలపు ఇంగ్లీషు గంతుల పాటలేమిటి?

చిన్న రైలు దిగి పెద్ద రైలెక్కాం. కచేరీ జరిగే తాంపినీస్‌కి గంట పైనే. వెళ్ళేవాళ్ళు ఇంట్లోనే తిని బయల్దేరండి, రైల్లో మంచినీళ్ళు తాగినా జరిమానా. పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని వాసనతో సరిపెట్టుకున్నాను. పక్కనున్న చీనా ముసలావిడ గిటారు పెట్టె చూసి, "అంకుల్ సింగర్ ఆ?" అంది.

"నో ఆంటీ, గిటార్ ఓన్లీ" అన్నాడు అల్లుడు.

"అయ్యో, సింగర్ బెటర్ లా."

ఐదున్నరకి హాలు చేరాం. టిక్కెట్టు లేదు, అదొక్కటే మేలు. వేదిక మీద ముగ్గురే. పాడే గోపి బ్యాంకు ఉద్యోగి. డబ్బాడు నూనె రాసి జుట్టుని కోడిపుంజు తలలా నిలబెట్టాడు. "చూస్కోండాంటీ, ఇవాళ హాలు ఊగిపోద్ది!" అన్నాడు. ఇంకొకాయన మనిషంత ఎత్తున్న బేసు తీగవాయిద్యాన్ని గోనెసంచి దులిపినట్టు చరుస్తున్నాడు.

"డ్రమ్ములవాడు రాలేదా?"

"అసలు లేడు అత్తయ్యగారూ. ఈ సంగీతం మొదట్లో చాలామంది డ్రమ్ములు లేకుండానే వాయించారు. తాళం బేసుదీ, నా గిటారుదీ."

"మరి పాట మధ్యలో సంగీతం?"

"అది గిటారే."

"ఇద్దరి పని ఒకడి చేత చేయిస్తారన్నమాట. మీ కంపెనీ నయం, జీతమన్నా ఇస్తుంది."

అల్లుడు చేతులు రుమాలుతో తుడుచుకుంటున్నాడు.

ఆరింటికి మొదలైంది. గోపి మోకాళ్ళు వణికిస్తుంటే చలిజ్వరమేమో అనుకున్నాను. గిటారు లావు తీగలు టకటకా తాళం వేస్తున్నాయి, సన్నతీగలు పాటకి బదులిస్తున్నాయి. ఏదో యంత్రం పెట్టి, ఒకసారి మీటితే రెండుసార్లు వినబడేలా చేశారు. ఆ పొదుపు మాత్రం నాకు నచ్చింది.

మూడో పాటలో గోపి మాటలు మర్చిపోయాడు. ముందు వరసకి కన్నుకొట్టాడు. బేసాయన అతన్నే చూస్తూ తాళం తప్పాడు. మా అల్లుడు బొటనవేలితో తాళం ఆగనివ్వకుండా, పాడాల్సిన వరసని మిగతా వేళ్ళతో వాయించాడు. మూడుసార్లు వాయించి, చంటిపిల్లాడికి ముద్ద అందించినట్టు మళ్ళీ మొదలు అందించాడు. గోపి అందుకుని చెయ్యి పైకెత్తాడు. హాలంతా చప్పట్లు, గోపికి. అల్లుడు తల దించుకుని వాయిస్తూనే ఉన్నాడు.

పెళ్ళిళ్ళలో వందమందికి వండి, వడ్డన వేళకి వంటింట్లోనే ఉండిపోయినదాన్ని. మెచ్చుకోళ్ళు వడ్డించేవాళ్ళకే పోతాయి.

కిందికి దిగి గోపి అడిగాడు, "అదరగొట్టేశానా ఆంటీ?"

"జుట్టు మాత్రం కదల్లేదు నాయనా" అన్నాను.

ఏడున్నరకి తిరుగు రైలు. ఇద్దరికీ సీట్లు దొరికాయి. అల్లుడు గిటారు పెట్టెని మోకాళ్ళ మధ్య పట్టుకుని కూర్చున్నాడు. ఆ సంగీతం మళ్ళీ వినాలని నాకు లేదు, చెవులింకా హోరెత్తుతున్నాయి. బుగిస్ స్టేషను దాటాక లలిత ఫోను చేసింది.

"ఏమంటావమ్మా? అమ్మేద్దామా?"

"గిటారు జోలికి వెళ్ళకండి. అమ్మాలనుంటే ఆ పాడేవాణ్ణి అమ్మండి, ఎంతకి పోతే అంతకి."