వీరమ్మ సంతకం

వీరమ్మ మిరపకాయలకు ముచ్చికలు తీసే కూలీ. పొద్దున్నే ఆటోలో ప్రత్తిపాడు నుంచి గుంటూరు వెళ్తుంది, సాయంత్రం తుమ్ముకుంటూ తిరిగొస్తుంది. పదో తరగతి పరీక్షల మీద ఆమెకు ఒక్కటే అభిప్రాయం. ప్యాసైతే కూతురు ఫెబా ఎప్పటికైనా నర్సవుతుంది. తప్పితే తన పక్కనే గోనెపట్టా మీద కూర్చుంటుంది. మధ్యలో ఇంకేమీ లేదు. బడిలో నవ్వేవాళ్ళు నవ్వారు గానీ, మా బడి కరపత్రంలో ఉన్న మాటలన్నిటికంటే అదే నిజం.

నేను ఆ బడిలో తెలుగు చెబుతాను. మా కరస్పాండెంటుకు నూటికి నూరు శాతం ఫలితాల పిచ్చి. ఫెబాకు లెక్కలు రావు. రాని పిల్లకు నేర్పడం కష్టం, పరీక్ష రాయనివ్వకపోవడం తేలిక. అందుకని నవంబరులో అలాంటి ఆరుగురు పిల్లల తల్లులను పిలిపించి తలా ఒక కాగితం ఇచ్చారు. చదివి వినిపించే పని నాకు అప్పగించారు.

"మా అమ్మాయి ఈ ఏడు పరీక్ష రాయదు, ఇది మా ఇష్టపూర్వక నిర్ణయం" అని ఉంది అందులో. "పరీక్షల కాగితమే అమ్మా, కింద సంతకం పెట్టండి" అన్నాను నేను. ఉద్యోగం కోసం అన్నాను. సిగ్గులేని పని చేశాను.

మిగతావాళ్ళు వేలిముద్ర వేశారు. వీరమ్మ పెన్ను అడిగింది. "మా పాప నేర్పింది సారూ" అంటూ చెయ్యి చీరకు తుడుచుకుని, వంగి, మెల్లగా పేరు రాసింది. ఒక్క తప్పు లేకుండా రాసింది.

మార్చిలో హాల్‌టికెట్లు వచ్చాయి. ఫెబాకు రాలేదు. "అంతా మీ అమ్మ పెట్టిన సంతకం వల్లే" అని ఆఫీసులో ముక్తసరిగా చెప్పి పిల్లను పంపేశారు. మర్నాడు వీరమ్మ కూలి మానుకుని వచ్చింది. తిడితే పడదామనే నిలబడ్డాను.

"సారూ, నా సంతకంలో అక్షరం ఏమన్నా తప్పుపోయిందా అండీ? పాప అన్నం ముట్టట్లేదు. ఇంకో కాగితం ఇప్పించండి, ఈసారి సరిగ్గా పెడతాను."

నిజం నోటిదాకా వచ్చింది. వెనక కరస్పాండెంటు గది తలుపు తెరిచే ఉంది.

"అవునమ్మా, 'మ' కింద వత్తు మరిచిపోయావు. ఇక గడువు దాటిపోయింది" అన్నాను.

వీరమ్మ "పాడు చెయ్యి, పాడు చెయ్యి" అంటూ కుడిచేతిని గోడకేసి కొట్టుకుంది.