వర్తూరు కామధేనువు

యుద్ధం నడుస్తున్న రోజుల్లో నేను వర్తూరు నుంచి బెంగళూరు పేటలోని అత్తవారింటికి కాపురానికొచ్చాను. చెరువు కింది మా మడిలో తవ్వుతుంటే దొరికిన పాత కంచు నాణెం ఒకటి మా నాయన నా పెట్టెలో వేసి, పూజగూట్లో పెట్టుకోమన్నాడు. ఒకవైపు ఇనుపటోపీ పెట్టుకున్న ఆడమనిషి తల. రెండోవైపు ఒక జంతువు, దాని పొట్ట కింద పాలు తాగుతున్న రెండు చిన్న ఆకారాలు. అది కామధేనువేనని మా పుట్టింట్లో అందరి నమ్మకం.

మా పెద్ద తోడికోడలు దాన్ని దీపం దగ్గర పట్టుకుని చూసింది. ఆమె పుట్టిల్లు పేటలోనే. ఆ సంగతి ఎవరినీ మరిచిపోనిచ్చేది కాదు.

"కొమ్ములేవి చెల్లీ? ఇది కుక్క. మీ వర్తూరోళ్ళు కుక్కకు కూడా పూజ చేస్తారా?"

ఇంటిల్లిపాదీ నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. ఆయన సంగతి తర్వాత విడిగా తేల్చుకున్నాను. కొమ్ములు అరిగిపోయాయని నేనన్నాను. తోక ఎందుకు అరగలేదని ఆమె అడిగింది. నాణెం పూజగూటికి కాక వంటింటి కిటికీలో అగ్గిపెట్టె పక్కకు చేరింది. పండగకు మా నాయన రానున్నాడు. తానిచ్చింది అక్కడ పడి ఉండటం చూస్తే ఆయన మనసు ఏమవుతుందోనని నాకు అన్నం సహించలేదు.

పట్టుబట్టి అత్త చేత పక్కింటి హైస్కూలు మేష్ట్రును పిలిపించాను. ఆయన భూతద్దం పెట్టి చూసి, ఇది రోమాపురి నాణెమనీ, టోపీ ఆమె ఆ ఊరి దేవత అనీ, జంతువు ఆవూ కాదు కుక్కా కాదు ఆడతోడేలనీ చెప్పాడు. కింద ఉన్నవి ఏట్లో కొట్టుకొచ్చిన కవలపిల్లలట. వాళ్ళే పెద్దయి ఆ ఊరు కట్టారట.

తోడేలు అనగానే తోడికోడలి మొహం వెలిగిపోయింది. నేను చూశాను.

అత్త నాణేన్ని తన చేతిలోకి తీసుకుంది. "పిల్లోళ్ళను తినలేదా అప్పా అది?"

"లేదమ్మా, పాలిచ్చి సాకింది."

"అట్లయితే ఆవుకంటే ఇదే మేలు కదప్పా. ఆవు పాలియ్యడంలో గొప్పేముండాది?"

ఆమే లేచి నాణేన్ని కడిగి, కుంకుమ పెట్టి గూట్లో ఉంచింది. మా నాయన పండగకొచ్చి, చూసి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నాడు. తోడేలు సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు.

నాకు దక్కిన సంతోషం అంతవరకే. ఆ తర్వాత పేరంటానికొచ్చిన ప్రతివాళ్ళకూ దాన్ని చూపించే పని తోడికోడలు తన చేతిలోకి తీసుకుంది. చూసిన దినమే చెప్పినాను, ఇది మామూలు ఆవు కాదని, అంటుంది. కుక్క అన్నదెవరో ఇంట్లో ఒక్కరికీ జ్ఞాపకం లేదట. అందుకే రాసిపెడుతున్నాను.