పీపీ కాల్‌కి పేరు కావాలి

మనిషి గొంతు వినాలంటే ముందుగా బుక్ చేసుకుని, అది వచ్చేదాకా పక్కనే కాపలా కాసిన రోజులవి. ఇప్పటి పిల్లలకి చెబితే గ్యాస్ బండ గురించి చెబుతున్నాననుకుంటారు. ఆ రోజుల్లో మా నూజివీడులో ఫోనున్న ఇళ్ళే తక్కువ. ఉన్నచోట కూడా అది ఇంటిది కాదు, కొట్టుది. మా అత్తవారి ఇంట్లో ముందు హాలే మామిడికాయల కొట్టు. అక్కడ గల్లాపెట్టె పక్కన చెక్క స్టాండు మీద, మా అత్తగారు అల్లిన లేసు గుడ్డ కప్పుకుని నల్లటి ఫోను దర్జాగా కూర్చుని ఉండేది. ఇంట్లో నాకంటే దానికే మర్యాద ఎక్కువ (నేను కొత్తకోడలిని మాత్రమే, అది గవర్నమెంటు వారి సొత్తు). అది మోగిందంటే గుమాస్తా లేచి నిలబడేవాడు, బేరానికొచ్చిన రైతులు మాట ఆపేవారు, అత్తగారు వంటింట్లోంచి గరిటెతో సహా గుమ్మంలోకి వచ్చేవారు.

నా పుట్టిల్లు విస్సన్నపేట. పెళ్ళయింది మాఘమాసంలో. మామిడి వ్యాపారం చేసేవాళ్ళింట్లో పిల్లనిస్తే పెళ్ళికొడుకు పూత వైపు చూస్తాడు గానీ పిల్ల వైపు చూడడని మా మేనత్త ముందే హెచ్చరించింది. అన్నంత పనీ అయింది. పూత నిలిచి, పిందె కట్టి, కాయ కోతకొచ్చి, నేను ఆయన మొహం వైపు సిగ్గుపడకుండా చూడటం నేర్చుకునేసరికి ఆయన ఢిల్లీ వెళ్ళిపోయారు. ఏటా అంతేనట. వేసవంతా అక్కడి మార్కెట్లో, మాకు సరుకమ్మిపెట్టే సేఠ్‌గారి కొట్లో కూర్చుని, ఇక్కణ్ణించి వెళ్ళిన లారీలు దింపించుకుని, తొలకరి పడ్డాక ఇంటికి వస్తారట. ఈ సంగతి పెళ్ళిచూపుల్లో ఎవరూ చెప్పలేదు. అబ్బాయి నెమ్మదస్తుడు, గట్టిగా మాట్లాడడు అని మాత్రం చెప్పారు. ఆ మాట నిజమే. మెత్తటి గొంతు. పక్కగదిలోంచి మాట్లాడితే ఏమన్నారో తెలియక నేనే లేచి వెళ్ళేదాన్ని. అలా లేచి వెళ్ళడం నాకు ఇష్టంగా ఉండేది, ఇప్పుడు చెప్పుకోవడానికి మొహమాటమేముంది.

ఢిల్లీ కాల్ సాయంత్రం పూట వచ్చేది. మా మామగారికి ట్రంక్ కాల్ అంటే అరవాలని ఎవరు చెప్పారో గానీ, ఆయన మాట్లాడటం మొదలుపెడితే అసలు ఫోనెందుకో అనిపించేది. "హలో! ఏరా! రసాలు దిగాయా? బంగినపల్లి ఎట్లా ఉంది? ఆఁ? మచ్చా? మచ్చేంటిరా?" అని హనుమాన్ జంక్షన్ దాకా వినపడేలా అడిగి, అన్నీ అయ్యాక, ఆపరేటరు టైమైపోయిందని గొణుగుతూండగా, "ఇదిగో, కోడలుపిల్ల మాట్లాడుతుందట" అని రిసీవరు నా చేతిలో పెట్టేవారు. నేను మాట్లాడతానని ఎన్నడూ అనలేదు. చుట్టూ గుమాస్తా, రైతులు, గరిటెతో అత్తగారు. అవతల ఆయన ఏదో అడిగేవారు. నేను "ఊఁ" అనేదాన్ని. ఇంకేదో అడిగేవారు. "ఊఁ." అంతలో టక్కుమని లైను పోయేది. పడుకున్నాక ఆ గొంతు గుర్తు చేసుకుందామని కళ్ళు మూసుకుంటే చెవుల్లో మామగారు వచ్చి మచ్చేంటిరా అని అరిచేవారు. ఒక్క నెల గడిచేసరికి ఆయన గొంతు ఎలా ఉంటుందో మరిచిపోతానేమోనని నాకు నిజంగా దిగులు పట్టుకుంది. ఫొటో ఉంది, చొక్కాలున్నాయి, గొంతు ఒక్కటే లేదు. అది నాకు కావాలి. తలుచుకున్నప్పుడల్లా మళ్ళీ మళ్ళీ వినడానికి కావాలి.

ఈ దిగులు కనిపెట్టింది మా ఆడపడుచు. విజయవాడలో పాలిటెక్నిక్ చదివేది, అందులోనూ ఎలక్ట్రానిక్స్. వేసవి సెలవులకి ఇంటికి వచ్చింది. ఇంట్లో అందరూ దాన్ని ఇంజనీరమ్మ అనేవారు (గౌరవం కొద్దీ కాదు. అంతకు ముందు సెలవుల్లో ఇంట్లో రేడియో విప్పి బిగించింది. రేడియో మళ్ళీ పాడింది గానీ, గుప్పెడు మరలు మిగిలిపోయాయి). "ఓస్, ఇంతేనా వదినా? అన్నయ్య కాల్ టేపులో ఎక్కించేద్దాం. నువ్వన్నదీ వాడన్నదీ, రెండువైపులా" అంది. దానికో చిన్న టేప్‌రికార్డరు ఉండేది. మర్నాడు దాన్ని ఎండుగడ్డి పరిచిన మామిడికాయల బుట్టలో దాచి, పైన నాలుగు కాయలు పేర్చి, ఫోను స్టాండు కింద పెట్టింది. కాల్ వచ్చింది. అయ్యాక ఇద్దరం మేడ మీదకి పరిగెత్తి పెట్టుకుని విన్నాం.

టేపు నిండా మా మామగారే. చివర్లో నేను. "ఊఁ... ఊఁ... ఆఁ... ఊఁ." ఆయన మాట ఒక్కటీ లేదు, ఉండదు కూడా. రిసీవరులోంచి వచ్చేది నా చెవికే గానీ బుట్టకి ఎలా వినపడుతుంది? మా ఇంజనీరు తల గోక్కుంది. తర్వాత నా మొహంలోకి చూసి, "అది సరే గానీ వదినా, నువ్వు అన్నయ్యతో మాట్లాడుతున్నావా, పేదరాశి పెద్దమ్మ కథకి ఊఁ కొడుతున్నావా?" అంది. నవ్వేశాను గానీ నాకు ఎక్కడో కలుక్కుమంది. ఆయన గొంతు నాకు లేదని ఇన్నాళ్ళూ కుమిలిపోతున్నాను, అంత దూరంలో ఆయనకి మాత్రం నా దగ్గర్నుంచి ఏం అందుతోంది? ఈ ఊఁ లేగా. అవి పట్టుకుని ఆ మనిషి వేసవంతా ఎలా గడుపుతున్నారో!

రెండోసారికి మా ఇంజనీరు రాగితీగ చుట్టలా చుట్టి, ఒక రబ్బరు మూతలో బిగించి, ఫోను ఒంటికి అంటించింది. దాని తీగ టేప్‌రికార్డరులోకి వెళుతుంది. ఇలా అయితే రెండు గొంతులూ ఫోను లోపల్నుంచే వచ్చి ఎక్కుతాయట. మామగారు చూసి, "ఇదేంటే?" అన్నారు. "పిడుగు పడినా షాకు కొట్టకుండా నాన్నా" అంది. ఆయన మురిసిపోయి, ఆ రోజు వచ్చిన ప్రతి రైతుకీ మా అమ్మాయి చేసిందని చూపించారు. సాయంత్రం కాల్ అయ్యాక టేపు పెడితే, మొదట్నుంచి చివరిదాకా గుయ్యిమని ఒకటే మోత. నేను ఆశ చావక చెవి ఆనించి, "ఇదేనా మీ అన్నయ్య?" అన్నాను. "కాదు వదినా, ఫ్యాను" అంది దిగాలుగా. ఆ చుట్ట ఫోనులో మాటలకంటే ముందు ఫ్యాను కరెంటు చప్పుడునే పట్టుకుందట. ఫ్యాను ఆపితే సరిపోతుంది. కానీ వైశాఖంలో, మా మామగారు కూర్చున్న గదిలో, ఫ్యాను ఆపే మొనగాడు నూజివీడులో పుట్టలేదు.

దేవుడు మమ్మల్ని హనుమాన్ జంక్షన్ మీదుగా కరుణించాడు. అక్కడి బంధువుల గృహప్రవేశానికి అత్తగారూ మామగారూ పొద్దున్నే వెళ్ళారు. గుమాస్తా తోటలో కోత దగ్గర ఉన్నాడు. ఇల్లు మా ఇద్దరిదీ. తలుపులు మూశాం, ఫ్యాను ఆపాం, చెమట తుడుచుకున్నాం. ఇవాళ అటు నుంచి కాల్ వచ్చేదాకా ఆగడం లేదు, మేమే చేస్తాం, నేను ఊఁ కొట్టకుండా మాట్లాడతాను, రెండువైపులా టేపులో ఎక్కుతుంది. ఇంజనీరు సరిగ్గా ఎక్కుతోందో లేదో ముందే చూద్దామని మీట నొక్కి, రబ్బరు మూత ఊడిపోకుండా రెండు చేతులా అదిమి పట్టుకుని, "కానియ్ వదినా" అంది. నేను రిసీవరెత్తి ఢిల్లీ నంబరు చెప్పాను. ఎక్స్ఛేంజిలో ఎవరో కొత్తాయన. ఆర్డినరీయా, పీపీయా అన్నాడు. పీపీ అన్నాను. పీపీ అంటే ఫలానా మనిషితోనే మాట్లాడాలని. ఆ మనిషి వచ్చి ఫోనందుకునేదాకా టైము లెక్కలోకి రాదు. మామగారు ఎప్పుడూ అదే చేస్తారు, లేకపోతే సేఠ్ కొట్లో హమాలీతో హలో హలో అనడానికే మూడు నిమిషాలూ సరిపోతాయి.

"ఎవరితో మాట్లాడాలమ్మా?" అన్నాడు.

"ఆయనతోనండీ."

"ఏ ఆయనమ్మా?"

"మావారండీ."

"సంతోషం. మీవారి పేరు?"

అప్పుడు పడింది నా నెత్తిన బండ. మొగుడి పేరు నోటితో పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని చిన్నప్పట్నుంచీ విని పెరిగినదాన్ని. పెళ్ళిలో గుమ్మం దగ్గర అందరూ పేరు చెప్పమని అడ్డుపడితే కూడా, ఏడుపు మొహం పెట్టి తప్పించుకున్నదాన్ని. ఇంజనీరు వైపు చూశాను, నువ్వు చెప్పవే అన్నట్టు. అది రెండు చేతులూ చూపించి (మూత వదలకుండానే), "నీ మొగుడు, నువ్వే చెప్పాలి. నేను రోజూ అంటూనే ఉంటాను, వాడికేమైంది?" అంది. చెల్లెలు అంటే ఫరవాలేదు, పెళ్ళాం అంటేనే ప్రమాదమని దానికి ఏ పాలిటెక్నిక్‌లో చెబుతారు?

"మా మామగారి పెద్దబ్బాయండీ" అన్నాను ఫోనులో.

"అమ్మా, ఢిల్లీ వాళ్ళకి మీ మామగారెవరో ఏం తెలుసు? పేరు చెప్పండమ్మా."

"దేవుడి పేరండీ."

"ఏ దేవుడు?"

"మా తోట పక్క గుళ్ళో దేవుడండీ."

"దేవుళ్ళకి పీపీ కాల్ లేదమ్మా" అన్నాడు విసుగ్గా. అంతలోనే జాలిపడి, "పోనీ ఇంగ్లీషులో స్పెల్లింగు చెప్పండి" అన్నాడు. ప్రాణం లేచొచ్చింది. అక్షరాలు విడివిడిగా చెబితే పేరు పలికినట్టు కాదు కదా. శుభలేఖలో అచ్చు వేసినట్టే ఒక్కో అక్షరం చెప్పాను. ఆపరేటరు అవన్నీ కూడబలుక్కుని చదివితే జ్వరం బిళ్ళ పేరులాంటిదేదో వచ్చింది. "ఇది మనిషి పేరేనాండీ?" అన్నాడు. వెనకాల ఎవరో లైను కోసం తొందరపెడుతున్నారు. "చెబుతారా, పెట్టెయ్యమంటారా?"

పెట్టేస్తానన్న మాట వినగానే నాలో ఏదో తెగింది. కళ్ళు గట్టిగా మూసుకుని, తోట పక్క దేవుడికి దణ్ణం పెట్టుకుని, చెప్పేశాను. గుసగుసగా. "వినపడలేదమ్మా" అన్నాడు. మళ్ళీ చెప్పాను. "ఇంకాస్త గట్టిగా." అరిచాను. మా మామగారికి తగిన కోడలిననిపించుకున్నాను. వీధిలో బండి తోలుకుపోతున్న మనిషి ఆగి కిటికీ వైపు చూశాడు. (ఆ పేరు ఇక్కడ మాత్రం రాయను, నన్ను బలవంతపెట్టకండి.) కాల్ బుక్ అయింది. రిసీవరు పెట్టేసి నేను పీటమీద కూలబడితే, ఇంజనీరు నేలమీద పడి దొర్లి దొర్లి నవ్వింది.

తర్వాత ఎదురుచూపు. ఫ్యాను లేని ఆ హాల్లో, మగ్గుతున్న రసాల వాసనలో, గోడకి జేరబడి కూర్చున్నాం. ఏం మాట్లాడాలో మనసులో వల్లించుకున్నాను. వల్లించిందంతా చెమటతోపాటు కారిపోయింది. ఎండ గడప దిగి అవతలి గోడమీదకి పాకాక ఫోను మోగింది. అవతల పేరు పిలుస్తున్నారు, ఎవరో హిందీలో కేకలేస్తున్నారు, ఆ సందట్లోంచి ఆయన "హలో" అన్నారు.

"నేనండీ" అన్నాను. "మీరు లేకపోతే ఇక్కడ నాకేం బాగాలేదండీ. అన్నం సయించట్లేదు. మీ గొంతు మరిచిపోతానేమోనని భయంగా ఉంది. ఏదో ఒకటి మాట్లాడండి."

"ఊఁ" అన్నారాయన.

నాకు అర్థమైంది. ఈసారి నా చుట్టూ ఎవరూ లేరు, ఆయన చుట్టూ ఉన్నారు. సేఠ్, గుమాస్తాలు, లారీ డ్రైవర్లు. "వింటున్నారా?" అన్నాను. "ఊఁ. ఊఁ." తర్వాత ఆ మెత్తటి గొంతుతో, పక్కవాళ్ళ కోసం, "రసాలు క్షేమంగా చేరాయి. బంగినపల్లికి ఇంకా పది రోజులు ఆగాలి. ఆగడం కష్టంగానే ఉంది" అన్నారు. ఇంకొంచెం తగ్గించి, "నాకూ అంతే" అన్నారు. లైను పోయింది.

మామిడికాయల గురించి అంత చక్కగా మాట్లాడిన మగవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. రిసీవరు గుండెకి పెట్టుకుని, "ఎక్కిందా?" అన్నాను. ఇంజనీరు మొహం తెల్లబోయింది. పేరు చెప్పాక నవ్వుతూ పడిపోయింది చూశారూ, అప్పుడు తీగ ఊడిపోయింది, టేపు ఆపడమూ మరిచిపోయింది. అది మా ఎదురుచూపునంతా, కాకుల్నీ, పాత సామాన్లవాడి కేకనీ ఓపిగ్గా ఎక్కించుకుని, ఫోను మోగకముందే అయిపోయి ఆగింది. ఆయన మాట ఒక్కటీ లేదు. ఆ రోజు నేను ఏడ్చిన ఏడుపు అప్పగింతల్లో కూడా ఏడవలేదు.

తొలకరికి ఆయన వచ్చారు. ఇంజనీరు నేరం ఒప్పుకుంటున్నట్టు టేపు తెచ్చి వినిపించింది. గుసగుసగా ఒకసారి, మామూలుగా ఒకసారి, అరుపుగా ఒకసారి, ఆయన పేరు. నేను తలుపు వెనక దాక్కున్నాను. ఆయన టేపు వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టుకున్నారు. మళ్ళీ. అత్తగారు వంటింట్లోంచి వచ్చి, "ఎవర్తే అది, మా వాణ్ణి పేరు పెట్టి అట్లా పిలుస్తోంది?" అన్నారు మండిపడుతూ. "టెలిఫోన్ ఆపరేటరమ్మా" అంది నా ఆడపడుచు, తడుముకోకుండా. "వాళ్ళకి మరీ ఇంత చనువా!" అంటూ ఆవిడ వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఏటా ఆ టేపు ఆయనతో ఢిల్లీ వెళ్ళింది. నాకోసం చేసిన ప్రయత్నం ఆయనకి దక్కింది. నాకు మాత్రం ఆ "నాకూ అంతే" జ్ఞాపకంలోనే ఉండిపోయింది, అందులో గొంతెంతో నా ఊహెంతో ఇప్పుడు చెప్పలేను.

మా ఇంజనీరు నిరుడు వేసవికి వచ్చింది. జుట్టు నెరిసింది గానీ విప్పి బిగించే గుణం పోలేదు. ఎక్కడో అడుగున పడున్న టేపు బయటికి తీసి, కంప్యూటర్లోకి ఎక్కించి, నేను ఫోన్ చేసినప్పుడు మోగేలా వాళ్ళన్నయ్య సెల్లులో పెట్టి వెళ్ళింది. ఆయన ఇప్పుడు ఢిల్లీ వెళ్ళడం లేదు, కింద కొట్లోనే కూర్చుంటారు. నేను ఇప్పటికీ ఏమండీ అనే అంటాను. మోకాళ్ళ నొప్పులు, మేడ దిగలేక భోజనానికి ఫోన్ చేస్తాను. కిందనుంచి వినపడుతుంది. పెళ్ళయి ఏడాదైనా నిండని ఆ పిచ్చిపిల్ల ఆయన్ని ముందు గుసగుసగా, తర్వాత మామూలుగా, ఆపైన ఊరంతా వినపడేలా పిలుస్తుంది. ఆయన ఫోనెత్తరు. ఆ పిల్ల పూర్తిగా పిలిచేదాకా ఎత్తరు. పైన అన్నం చల్లారిపోతూంటే, నేను ఫోను చెవికి ఆనించుకుని, ఆయన గొంతు కోసం కాచుకుని నిలబడి ఉంటాను.