ఎంటర్ నొక్కేముందు

మా ల్యాబ్ మేడమ్ గారు పోయారని మొన్న పొద్దున వాళ్లమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. ఆ రోజంతా ఏ పనీ చేయబుద్ధి కాలేదు. మీకు ఆవిడ తెలియదు. గుంటూరు దగ్గర మా ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునేవారు. పెదకాకాని నుంచి బస్సులో వచ్చి, కొంగు నడుముకు దోపి, ముందు కేబుళ్లు సర్దేవారు.

ఆవిడకో అలవాటు. కమాండ్ టైప్ చేశాక ఎంటర్ నొక్కనిచ్చేవారు కాదు. "ఏం వస్తుందో ముందు నోటితో చెప్పు," అనేవారు. చెప్పిందే వస్తే ఊరుకునేవారు. రాకపోతే కుర్చీ లాక్కుని పక్కన కూర్చునేవారు. "అనుకున్నది రానప్పుడే కదమ్మా మనకు పని." మాకది చాదస్తంగా తోచి, చాటుగా సోదెమ్మ అని పేరు పెట్టాం. ఆ పేరు ఆవిడకూ తెలుసు.

మా నాన్నది అద్దంకి వైపు మిరప సేద్యం. చేలో నేల లోపలి తేమను తెర మీద బొమ్మగా చూపించడం నా ఆఖరి ఏడాది ప్రాజెక్టు. బొమ్మ గీసే సాఫ్ట్‌వేర్ ఉంది. మా చేను కొలతలు దానికి అర్థమయ్యేలా ఒక మాడ్యూల్, అంటే దానికి తగిలించే ప్రోగ్రాం ముక్క, నేనే రాశాను. తీరా ఎగ్జామినర్ వచ్చే పూట జిప్ ఫైలుగా తెచ్చి ల్యాబ్ కంప్యూటర్లో పెడితే మెనూలో ఆ మాడ్యూల్ లేదు. సాఫ్ట్‌వేర్ మొత్తం తీసేసి మళ్లీ ఎక్కించాను. అయినా లేదు. ప్రాజెక్టు పోతే ఏడాది పోయినట్టే. ఏడుపొచ్చేసింది.

"దాన్ని మూసెయ్. కమాండ్లు కొట్టే నల్ల తెర తీసి సాఫ్ట్‌వేర్‌ని అక్కణ్నుంచి పిలువు. ఎందుకు రావట్లేదో అదే చెబుతుంది," అన్నారు మేడమ్.

పిలిచాను. నేను చూపిన ఫోల్డర్లో మాడ్యూల్ ఏదీ లేదని ఒక్క లైను వచ్చింది.

"ఉంది మేడమ్, నేనే పెట్టాను."

"అయితే అందులో ఏమున్నాయో అడుగు. ముందు నువ్వు చెప్పు."

"మూడు ఫైళ్లు."

ఎంటర్ నొక్కాను. ఒక్క ఫైలూ లేదు. అదే పేరుతో ఇంకో ఫోల్డర్ ఉంది. జిప్ విప్పినప్పుడు ఒకదానిలో ఒకటి పడ్డాయి, నా ఫైళ్లు లోపలి దాంట్లో ఉన్నాయి. మిరపకాయల సంచి చిరుగుతుందని మా ఇళ్లలో పైన ఇంకోటి తొడుగుతారు. మేడమ్‌కి అది తెలుసు.

"రైతు బిడ్డవనిపించావు. సంచికి సంచి తొడిగావు. పాపం అది పై సంచిలో చూసి కాయల్లేవనుకుంది," అని నవ్వారు.

లోపలి ఫోల్డర్ దారి రాశాను. "ఇప్పుడు?" అన్నారు. "మెనూలో కనిపిస్తుంది మేడమ్." కనిపించింది. మా చేను తెర మీద మెల్లగా తిరిగింది. ఇవాళ నేను తినే అన్నం ఆ పూట ఆవిడ పెట్టిందే.

పరామర్శకు వెళితే వాళ్లమ్మాయి చెప్పింది. ఆస్పత్రిలో రిపోర్టు కవరు చేతికొస్తే మేడమ్ విప్పనివ్వలేదట. "ఏముంటుందో ముందు నేను చెప్తా, విను," అన్నారట. విప్పితే అచ్చంగా అదే ఉంది. ఆ ఒక్కసారి ఆవిడ అనుకున్నది రాకుండా ఉంటే ఎంత బాగుండేది.

ఇవాళ ఆఫీసులో ఇంకో మాడ్యూల్ మొరాయించింది. నల్ల తెర తీసి కమాండ్ రాశాను. ఏం వస్తుందో పైకే చెప్పి ఎంటర్ నొక్కాను. అనుకున్నది రాలేదు. చెయ్యి దానంతటదే పక్కనున్న ఖాళీ కుర్చీని దగ్గరకు లాగింది.